పాత గేర్‌బాక్సుకు టర్బో ఇంజిన్.. పొదుపు వెనుక పొంచి ఉన్న ముప్పు

భానూర్ (పటాన్‌చెరు): తుక్కుకు చేరిన వాహనం నుంచి తీసిన టర్బో ఇంజిన్‌ను వెనుక చక్రాలతో నడిచే పాత బండికి అమర్చితే తక్కువ ఖర్చుతో ఎక్కువ సత్తువ వస్తుందన్న ఆశ సహజమే. భారత్ డైనమిక్స్ కర్మాగారం ఉన్న భానూర్ నుంచి పటాన్‌చెరు పారిశ్రామికవాడ వరకు లోహపు పని తెలిసిన చేతులకు కొదవ లేదు. అయితే పనితనం ఒక్కటే సరిపోదు.

బోల్టు రంధ్రాలు కలవనప్పుడు ఇంజిన్‌కు, గేర్‌బాక్సుకు నడుమ అడాప్టర్ ప్లేటు బిగిస్తారు. క్రాంక్‌షాఫ్ట్, గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ ఒకే సరళరేఖలో ఉండాలి. ఏమాత్రం తేడా వచ్చినా బేరింగులు, క్లచ్ త్వరగా దెబ్బతింటాయి. అది కుదిరినా మరో చిక్కు ఉంది. పొగ వాయువుల ఒత్తిడితో తిరిగే టర్బో, ఇంజిన్‌లోకి అదనపు గాలిని నెట్టి దాని బలాన్ని పెంచుతుంది. తక్కువ బలానికి తయారైన గేర్ల పళ్లు, ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లు, వెనుక యాక్సిల్ ఆ భారాన్ని మోయాల్సి వస్తుంది. వేగం పెరుగుతుంది, బ్రేకులు మాత్రం పాతవే.

తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనినే స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పునకు రూ.5 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. ధ్రువపత్రంలోని ఇంజిన్ నంబరుతో పొంతన కుదరకపోతే ప్రమాదవేళ బీమా పరిహారమూ చిక్కుల్లో పడుతుంది.

బండే జీవనాధారమైన కుటుంబానికి ఇది చిన్న నష్టం కాదు. ఇంజిన్ కొనకముందే రవాణా శాఖ కార్యాలయంలో అనుమతి విషయం తేల్చుకోవడం మేలు.