పాల కల్తీ: నేరం ఎవరిది? నింద ఎవరికి?

సికింద్రాబాదులో చాయ్ నీళ్లు కడుపులో పడకుండా పనికి పోయే కూలీ అరుదు. లాలాపేటలో విజయ డెయిరీ ఉంది. దాపునే నాచారంలో రాష్ట్ర ఆహార పరీక్షాశాల ఉంది. అయినా అడ్డా మీద నిలబడ్డ కూలీకి తన చాయ్‌లో పోసిన పాల సంగతి తెలియదు. ఊళ్లో ఆ పాలు పిండి పంపిన పేదకూ తెలియదు. కల్తీ మాట వచ్చిందంటే మాత్రం అందరి వేలూ బర్రె ఉన్నవాడి మీదికే లేస్తుంది.

లెక్కలు వేరే మాట చెబుతున్నాయి. కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2018లో 1,103 పట్టణాల్లో 6,432 పాల నమూనాలు పరీక్ష చేయించి, 2019 అక్టోబరులో ఫలితాలు బయటపెట్టింది. 93 శాతం తాగడానికి పనికొచ్చేవేనని తేలింది. యూరియా, డిటర్జెంటు, హైడ్రోజన్ పెరాక్సైడు వంటివి కలిపినవి దేశం మొత్తం మీద 12. అందులో 9 తెలంగాణవే! ఇది తలదించుకోవాల్సిన సంగతే. కానీ అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. బూజు విషమైన అఫ్లాటాక్సిన్ 368 నమూనాల్లో, యాంటీబయాటిక్ మందులు 77 నమూనాల్లో హద్దు మించి దొరికాయి. విడిపాలలో 4.8 శాతం భద్రతా పరీక్షలో తప్పితే, డెయిరీలు శుద్ధిచేసిన పాలలో 10.4 శాతం తప్పాయి. ప్యాకెట్ మీద ముద్ర ఉన్నంత మాత్రాన పాలు మంచివైపోవు.

ఈ విషం ఎక్కడిది? బూజు పట్టిన పల్లిచెక్క, మక్కలు మేసిన పశువు పాలలోకి దిగుతుంది. ఎంత కాచినా పోదు. పాడైన దాణా అమ్మిన వ్యాపారి దర్జాగా తిరుగుతాడు, చౌకగా వస్తుందని కొన్న పేద దోషి అవుతాడు. మందుల సంగతీ అంతే. పొదుగువాపుకు సూది వేయిస్తే కొన్నాళ్లు ఆ పాలు అమ్మకూడదు. సెంటు భూమి లేని ఇంట్లో ఆ పాలే రోజు కూలి. ఆ నాలుగు రోజుల కూలి ఎవరిస్తారు?

ఇక పాలకేంద్రంలో చూసేదేమిటి? వెన్న శాతం, ఘనపదార్థాలు. ధర కట్టేది వాటిని బట్టే గనుక అవి తప్పకుండా చూస్తారు. అది బేరానికి కొలత, ఆరోగ్యానికి కాదు. నీళ్లు కలిపితే ల్యాక్టోమీటరు పట్టిస్తుంది. చక్కెరో యూరియానో వేస్తే అదే ల్యాక్టోమీటరు మోసపోతుంది. బూజు విషం దానికి అసలే కనిపించదు.

చట్టం లేక కాదు. 1954 నాటి కల్తీ నిరోధక చట్టం స్థానంలో 2006లో చేసిన ఆహార భద్రతా చట్టం 2011 ఆగస్టు 5 నుంచి అమలులో ఉంది. పాల కల్తీ మీద ఈ చట్టాన్ని గట్టిగా అమలుచేయమని 2016లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. నమూనా తీసి పంపితే నివేదికకు 14 రోజుల గడువు. పాలు మాత్రం ఆ పూటే పిల్లల కడుపులోకి పోతాయి. అంటే ఎప్పుడో ఒకసారి దాడి చేస్తే కేసు మిగులుతుందే గాని రక్షణ మిగలదు. రోజువారీ నిఘా కావాలి.

ఆ చట్టంలోనే 40వ సెక్షను ఉంది. కొనేటప్పుడే అమ్మినవాడికి చెప్పి, ఫీజు కట్టి, ఎవరైనా తాము కొన్న సరుకును పరీక్షకు ఇవ్వవచ్చు. దోషం తేలితే ఫీజు వాపసు వస్తుంది. అరలీటరు కొనే కూలీకి ఒక్కడికి ఇది భారమే. బస్తీ కమిటీ, కూలీ సంఘం చందా వేసుకుంటే భారం కాదు.

కాబట్టి మనం అడగాల్సినవి ఇవి: ప్రతి పాలశీతల కేంద్రంలో విషానికీ మందులకూ పరీక్ష జరగాలి. ఫలితాలు ఊళ్లోనూ బస్తీలోనూ తెలుగులో, ఉర్దూలో గోడకు అతికించాలి. దాణా కొట్ల మీద తనిఖీలు పెట్టాలి. సూది వేసిన రోజుల పాలకు డెయిరీలే నష్టపరిహారం ఇవ్వాలి.

పాలు పిండే చెయ్యీ, చాయ్ గ్లాసు పట్టే చెయ్యీ కూలీదే. ఈ రెండు చేతులూ కలిస్తేనే నడుమ లాభం తినేవాడు లెక్క చెబుతాడు.