పిల్లల కథని పిల్లలకే ఉంచండి

నా పుట్టిల్లు ఆళ్లగడ్డ, మెట్టినిల్లు నంద్యాల. ఒకవైపు అహోబిలంలో ఉగ్రస్తంభం, ఇంకోవైపు మహానంది. స్తంభంలోంచి దేవుడొచ్చాడంటే మా పిల్లలు "తర్వాతేమైంది?" అనడుగుతారే గానీ, "అదెలా?" అనరు. అద్భుతాన్ని నమ్మడం వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. దాన్ని చెడగొట్టకుండా ఉంటే చాలు.

అందుకే 'అనగనగా ఓ ధీరుడు' అంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది. 2011 సంక్రాంతికి వచ్చింది. డిస్నీ వాళ్లు తెలుగులో తీసిన సినిమా. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం' చదివి, చిత్ర గారి బొమ్మలు చూసి పెరిగిన మనలాంటి వాళ్లం ఎంత ఆశపడ్డామో!

సరుకు లేదా అంటే, ఉంది. మంత్రగత్తె ఐరేంద్రిగా లక్ష్మి మంచు భయపెట్టింది. గాయాలు మాన్పే శక్తి ఉన్న చిన్నపిల్ల మోక్ష, ఆమెకి కాపలాగా చూపులేని కత్తివీరుడు. చందమామ అట్ట మీద వేయదగ్గ జంట! కానీ కథ ఆ పాప వెంట నడవలేదు. మధ్యలో హీరో పాత ప్రేమకథ, పాటలు వచ్చి కూర్చున్నాయి. పిల్లలు మాంత్రికురాలి కోసం ఎదురుచూస్తుంటే పెద్దవాళ్ల విరహం చూపిస్తే ఎట్లా?

ప్రేమ ఉండకూడదని కాదండీ. 1951లో వచ్చిన 'పాతాళ భైరవి'లో ప్రేమ లేదా? కాశీమజిలీ కథల ఆధారంగా అల్లిన ఆ సినిమాలో తోటరాముడు రాకుమారిని పెళ్లాడాలంటే సంపద కావాలి, సంపద కోసమే మాంత్రికుడి వెంట పోతాడు. అంటే ప్రేమే కథని ముందుకు తోస్తుంది. ఇక్కడేమో ప్రేమ కథని ఆపి కూర్చోబెట్టింది. తేడా అదీ!

'పాతాళ భైరవి' తీసిన కె.వి.రెడ్డి గారిది తాడిపత్రి. నిర్మాత నాగిరెడ్డి గారిది కడప జిల్లా. చందమామని మొదలుపెట్టిందీ ఆ నాగిరెడ్డి, చక్రపాణి గార్లే. మన సీమవాళ్లే ఇంత చక్కగా తీసి చూపించాక, తర్వాతి వాళ్లకి దారి తెలియదనడానికి లేదు.

ఒక్క సినిమా బాగోకపోతే ఏం పోయింది అనొచ్చు. పోయేది పిల్లల నమ్మకం. "తెలుగు కథలింతే" అని ఒకసారి అనుకున్నారంటే మళ్లీ పుస్తకం పట్టించడం మన తరం కాదు. అందుకే సినిమా కన్నా ముందు కథ మన నోటి నుంచి వినాలి. అన్నం కలిపి ముద్దలు పెట్టేటప్పుడు ఐదు నిమిషాలు చాలు.