బొమ్మల ఊరి నెత్తిన... కోట!

ఏనుగు అంబారీ, తాటిచెట్టెక్కే గీతగాడు, దశావతారాలు... కొండపల్లి అనగానే మనకు బొమ్మలే గుర్తొస్తాయి. ఆ ఊరి నెత్తినే ఆరున్నర శతాబ్దాల నాటి కోట ఉందంటే, 'ఆ... బస్సులోంచి చాలాసార్లు చూశాంలే' అనేస్తారు మన విస్సన్నపేట, తిరువూరు వైపు వాళ్లు. నిజమే, మైలవరం మీదుగా బెజవాడ వెళ్లే బస్సులో కుడివైపు కొండల వరుస కనిపిస్తూనే ఉంటుంది. కాకపోతే అప్పటికి సగంమంది నిద్రలో ఉంటారు. మిగతా సగం దిగడానికి సంచులు సర్దుకుంటుంటారు!

ఈసారి దిగి చూడండి. పైకి ఘాట్‌రోడ్డు ఉంది. ఓపికున్నవాళ్లు నడిచే ఎక్కండి. అసలు కోట గొప్పతనం ఎక్కే కాళ్లకే తెలుస్తుంది.

ముందు వరసగా మూడు ద్వారాలు. వాటిలో పెద్దది దర్గా దర్వాజా. ఇక్కడ యుద్ధంలో మరణించిన గులాబ్‌షా దర్గా పేరే దానికొచ్చింది. అవి దాటితే రెండు శిఖరాల మధ్య పల్లంలో రాజమహల్. కొండమీదున్నా కింది నుంచి అంత తేలిగ్గా కంటపడని చోటు. కట్టినవాళ్లు కొండవీటి రెడ్డిరాజులు. తర్వాత గజపతులు వచ్చారు. వాళ్ల దగ్గర్నుంచి శ్రీకృష్ణదేవరాయలు లాక్కున్నాడు. అదీ ఊరికే కాదు... మూడు నెలలు ముట్టడి వేయాల్సొచ్చిందని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాశాడు. ఆపైన కుతుబ్‌షాహీలు, మొగలాయీలు, నిజాం. 1766లో జనరల్ కాయిలాడ్ నాయకత్వంలో ఆంగ్లేయులు.

రాజమహల్ చూసి వెనుదిరిగిపోకండి. కాస్త ముందుకెళితే లోతైన కోనేరు. ఊటనీరు. ఎండాకాలంలోనూ చల్లగా ఉండే ఆ నీళ్లు తాగితే జ్వరమొస్తుందని పాతకాలం నుంచీ పేరు. అవతల ధాన్యాగారం. ఒకప్పుడు సైన్యానికి గింజలు దాచిన ఆ చీకటి గదులు ఇప్పుడు గబ్బిలాల సొంతం. ఆంగ్లేయుల బారకాసులు, వాళ్ల సమాధులూ ఇక్కడే. 1859 దాకా వాళ్ల సైన్యం ఉంది. సముద్రాలు దాటొచ్చి ఈ కొండమీదే ఉండిపోయిన ఆ సైనికుల ముందు, రాజుల పేర్లకంటే ఎక్కువసేపు నిలబడిపోతాం.

బురుజుమీదకెళితే ఒకవైపు థర్మల్ కేంద్రం పొగగొట్టాలు, ఇంకోవైపు అడవి. కొండపల్లి రిజర్వు ఫారెస్టు దాదాపు 30 వేల ఎకరాలు. బొమ్మకూ కోటకూ లంకె ఉన్నదిక్కడే. బొమ్మలు చేసే తెల్లపొణికి చెట్టు ఈ కొండల్లోదే. తేలికైన మెత్తటి కర్ర. దాన్ని ఆరబెట్టి, చెక్కి, చింతపిక్కల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, రంగులద్దితేనే మన సంక్రాంతి కొలువులోకి ఏనుగు నడిచొస్తుంది. ఆ చెట్టు ఏటికేడు తగ్గిపోతోంది. నాటి పెంచుదామన్నా చేతికందడానికి ఏళ్లు పడుతుంది. దీనికితోడు కొండల్నే తవ్వేస్తున్నారంటూ 2020-21లో పెద్ద గొడవే జరిగింది. రాయల సైన్యం మూడు నెలలు తంటాలుపడిన కొండ... పొక్లెయిన్‌కు ఎన్ని రోజులు? కోటకు మరమ్మతులు చేశారు, సంతోషం. చుట్టూ అడవి లేకపోతే ఆ మరమ్మతు సగం పనే అనిపిస్తుంది నాకైతే.

దిగేటప్పుడు ఊళ్లో బొమ్మల వీధికి వెళ్లండి. ఇంటి ముందే కూర్చుని చెక్కుతుంటారు. బేరం మరీ గట్టిగా ఆడకండి. ఒక్కో బొమ్మకీ ఎన్ని చేతులు పడతాయో చూశాక ఆడాలనిపించదు కూడా.

విస్సన్నపేట నుంచైతే రెడ్డిగూడెం, మైలవరం, జి.కొండూరు మీదుగా రావచ్చు. రైల్లో వచ్చేవాళ్లకు కాజీపేట-విజయవాడ మార్గంలో కొండపల్లి స్టేషనుంది. పొద్దున్నే బయల్దేరండి, మంచినీళ్ల సీసా మరవకండి. కోనేటి నీళ్ల సంగతి చెప్పాను కదా!