గిటారు మీద జోలపాట

గిటారు చేతబట్టిన విద్యార్థిని చూచినంతనే కొందరు ఉపాధ్యాయులకు కనుబొమలు ముడివడును. చదువు పాడగునని వారి భయము. సంగీతము తెలిసిన పెద్దల అభ్యంతరము వేరు. సరళివరుసలు, జంటవరుసలు, అలంకారములు దాటని వానికి అప్పుడే పాట యెందుకని వారందురు. ఆ విద్యార్థి కోరునది మాత్రము చాల చిన్నది. తనకు ప్రియమైన మెత్తని పాట ఒక్కటి, రాత్రిపూట, ఇంటిలో ఎవరి నిద్రకును భంగము కలుగకుండ వాయించుకొనవలెనని. ఈ కోరికలో తప్పేమియు లేదు. సంగీతములో అడుగిడుటకు ఇంతకంటె మంచి దారి దొరకుట కష్టము. అయితే ఆ పాట యేది, దానిని ఎట్లు నేర్వవలెను అను ప్రశ్నలకడనే చిక్కు వచ్చుచున్నది.

నెమ్మదిపాట సులభమనుకొనుట తొలి పొరపాటు. వేగముగా నడచు పాటలో తప్పులు గుంపులో గోవిందా యని కలిసిపోవును. నెమ్మదిపాటలో ప్రతి స్వరమును ఒంటరిగా నిలిచి వాయించువాని గుట్టు బయటపెట్టును. పైగా గిటారునకు పుట్టుకతో వచ్చిన లోపమొకటి గలదు. గొంతు దీర్ఘాక్షరమును కోరినంతసేపు నిలుపగలదు. ఫిడేలు కమాను సాగినంతవరకు స్వరము సాగును. గిటారు తీగ మీటిన మరుక్షణమునుండియే దాని నాదము క్షీణించుట మొదలగును. జోలపాటలో 'జో' అను అక్షరమును తల్లి ఎంతసేపు సాగదీయునో, అంతసేపును వాద్యము మీద నింపుట యెట్లు? వైణికులకు ఈ బాధ క్రొత్తది కాదు. తీగను మెట్టుమీద ప్రక్కకు లాగియు, మెట్టునుండి మెట్టునకు వ్రేలిని జార్చియు, నడుమనడుమ తాళపు తీగలను మీటియు వారు నాదమునకు ఆయువు పోసిరి. స్పెయిను దేశస్థుడైన ఫ్రాన్సిస్కో తారెగా (1852-1909) అల్హంబ్రా కోటను తలచుకొని కూర్చిన రచనలో మరియొక ఉపాయము వాడెను. బొటనవ్రేలు మంద్రస్వరములను మీటుచుండగా తక్కిన మూడు వ్రేళ్లును ఒకే తీగను వెంటవెంట తాకుచుండును. వినువానికి అది తెగని ధారగా తోచును. ఆ విద్యకు ఏండ్ల సాధన కావలెను. మొదటి పాట నేర్చువానికి అది పనికిరాదు.

అట్టివానికి సినిమాపాటకంటె జోలపాట మేలు. అన్నమాచార్యుల (1408-1503) రచనగా ప్రసిద్ధమైన 'జో అచ్యుతానంద' తెలుగు ఇండ్లలో ఎరుగనివారు తక్కువ. దానిని నవరోజు రాగములో, ఖండచాపు తాళములో పాడుట వాడుక. నవరోజు శంకరాభరణ జన్యము, పంచమాంత్యరాగము. అనగా మంద్ర పంచమమునకు క్రిందికి దిగదు, మధ్యస్థాయి పంచమమునకు పైకి ఎక్కదు. ఊయెల కూడ అంతే గదా, ఒక మేరవరకు పోయి తిరిగివచ్చును.

ఈ మేర గిటారు మీద ఎంత చక్కగా ఒదుగునో చూడదగినది. సన్నని తీగనుండి లెక్కించుట గిటారు వాయించువారి ఆచారము. పాటకులు ఒకటి శ్రుతి అనుదానిని షడ్జముగా గ్రహించినచో, మూడవ తీగను ఏ మెట్టును నొక్కక మీటిన మంద్ర పంచమము పలుకును. దాని రెండవ మెట్టున ధైవతము. రెండవ తీగను ఊరక మీటిన నిషాదము, మొదటి మెట్టున షడ్జము, మూడవ మెట్టున రిషభము. మొదటి తీగను ఊరక మీటిన గాంధారము, మొదటి మెట్టున మధ్యమము, మూడవ మెట్టున పై పంచమము. మూడు తీగలు, మూడు మెట్లు, రాగమంతయు అక్కడనే యున్నది. చేయి ఉన్నచోటునుండి కదలనక్కరలేదు. ఇంతకంటె విశేషము మరియొకటి. ఈ రాగములో మిక్కిలి దగ్గరగా నుండు స్వరముల జంటలు రెండు: నిషాద షడ్జములు, గాంధార మధ్యమములు. ఆ రెండు జంటలును ఇక్కడ ఊరకతీగగను దాని మొదటి మెట్టుగను అమరియున్నవి. నిషాదమును మీటి, అది మ్రోగుచుండగనే చూపుడువ్రేలిని మొదటి మెట్టున దించినచో, మరల మీటకయే షడ్జము పలుకును. ఒక్క మీటుతో రెండు స్వరములు అతుకుకొనును. తల్లి గొంతులోని మెత్తదనమునకు గిటారు మీద ఇదియే దగ్గరి దారి.

తాళము విషయములో మాత్రము ఏమరుపాటు కూడదు. ఖండచాపునకు రెండును మూడును కలిసి అయిదు. గిటారు నేర్పు పుస్తకములలో అధికభాగము నాలుగు లెక్కతోనే నడచును. పాశ్చాత్యుల జోలపాటలలో పేరుపొందిన బ్రామ్స్ పాట (1868) మూడు లెక్కలది. నాలుగునకు అలవాటుపడిన కుడిచేయి అయిదింటికడ తడబడి, లేని ఆరవ లెక్కను చేర్చును, లేదా ఉన్న అయిదవదానిని మ్రింగును. ఇక్కడ సంగీతపు మాష్టారుకంటె తెలుగు మాష్టారే ఎక్కువ సాయపడగలడు. ర గణము, త గణము, య గణము మూడును అయిదు మాత్రలవే. పరీక్షలో మార్కులకొరకు గురులఘువులు గుర్తించు పిల్లవానికి, ఆ గుర్తులు చేతితో మీటదగినవని ఎవ్వరును చెప్పుట లేదు. గురువునకు రెండు, లఘువునకు ఒకటి చొప్పున పాటలోని పాదమును ముందు నోటితో పలికి, తొడమీద చేతితో వేసి, తరువాతనే వాద్యము ముట్టుట మంచిది. ఏ అక్షరము సాగవలెనో తెలియనివాని చేతిలో రాగము సరిపోయినను పాట తెలుగు పలుకదు.

కార్డులు అని పిలువబడు స్వరసమూహముల మాట. శంకరాభరణపు స్వరములు పాశ్చాత్యుల మేజరు స్వరక్రమముతో సమానము కాబట్టి, ఈ పాటకు మూడు కార్డులు అమర్చుట ఎవ్వరికైనను చేతనగును. చేతనగుచున్నది గనుకనే చాలమంది చేయుచున్నారు. ప్రతి లెక్కకు ఒక కార్డు మార్చి, ఆరు తీగలను ఊడ్చినట్లు వాయించినచో నిద్రించుచున్న శిశువు లేచి కూర్చుండును. కార్డులు దోషమని కాదు, జోలపాటకు అంత సందడి అక్కరలేదు. అయిదవ తీగ మూడవ మెట్టున మంద్ర షడ్జమున్నది. ఉంగరపువ్రేలిని అచ్చట నిలిపి, ప్రతి ఆవర్తము ఎత్తుగడకు బొటనవ్రేలితో దానిని ఒక్కసారి మీటినచో తంబుర ఉన్నట్లే. తక్కిన వ్రేళ్లు పాటను చూచుకొనును.

ఇక నేర్చు పద్ధతి. నేటి విద్యార్థి చేతిఫోనులో ఒకరు వాయించుచుండగా చూచి, ఏ వ్రేలు ఏ మెట్టున పడినదో అట్లే అనుకరించుచున్నాడు. వారమునకు పాట వచ్చును. కాని అతనికి వచ్చినది వ్రేళ్ల వరుస మాత్రమే. నడుమ తప్పినచో మరల మొదటికి పోవలసినదే. పాలకొల్లులో జన్మించిన మాండలిన్ శ్రీనివాస్ (1969-2014) నేర్చిన తీరు ఇందుకు భిన్నము. అతని గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించుట రాదు. ఆయన పాడెడివారు, బాలుడు వినినదానిని తీగలమీద వెదకుకొనెడివాడు. 1978లో గుడివాడ త్యాగరాజోత్సవములో ఆ బాలుడు తొలి కచేరీ చేసినప్పుడు అతనికి తొమ్మిదేండ్లు. అంతటి ప్రతిభ అందరికి నుండదు, నిజమే. కాని గొంతును విని స్వరమును వెదకుకొను పద్ధతికి ప్రతిభతో పని లేదు, ఓపిక చాలును. సరళివరుసలు ముందని పట్టుపట్టు పెద్దల మాటలో సత్యము లేకపోలేదు. వరుసలు వ్రేళ్లకు బలమిచ్చును. అయితే ప్రీతి లేని వరుస మూడవ వారమున మూలబడును, దానితో గిటారును మూలబడును. తన పాటలో నిషాదము సరిగా పలుకుట లేదని తానే గ్రహించిన పిల్లవాడు వరుసలను అడిగి చెప్పించుకొనును.

ఈ పాటను వినుటకు ఫోనుకంటె మంచి చోటు ఇంటిలోనే యుండవచ్చును. నాయనమ్మో అమ్మమ్మో ఉన్నచో ఆమె ప్రక్కన కూర్చుండి పాడించుకొనవలెను. ఆమె పాడు వరుస స్వరపుస్తకముతో సరిపడకపోవచ్చును. ఒకచోట అయిదు లెక్కలు ఆరు కావచ్చును, చరణములు ముందువెనుక కావచ్చును. అప్పుడు పుస్తకము ప్రక్కనబెట్టి ఆమె పాడినట్లే వాయించుట ఉచితము. పుస్తకము రేపును దొరకును. ఆమెను మాత్రము తప్పు పాడితివని ఒక్కసారి అన్నచో, మరల నోరు విప్పదు.