డబ్బా విప్పకుండా కొటేషన్ అడగొద్దు

ఆఫీసులో కంప్యూటర్లు మొరాయిస్తున్నాయి, కొత్తవి కొనాలి అనుకునే యజమానులకైనా, అధికారులకైనా నేను మొట్టమొదట చెప్పే మాట ఇదే: ముందు డబ్బా విప్పి చూడండి, తర్వాత కొటేషన్ అడగండి. సుబేదారిలో వకీళ్ల ఆఫీసులు, నక్కలగుట్టలో ఆడిటర్లు, స్టేషన్ రోడ్డులో హోల్‌సేల్ వ్యాపారులు, ఎనుమాముల మార్కెట్లో అడ్తిదారులు, ఊరంతా విస్తరించిన ప్రైవేటు కాలేజీలు, డయాగ్నస్టిక్ సెంటర్లు... వరంగల్‌లో రోజువారీ పని సాగేది ఇలాంటి చిన్న ఆఫీసుల్లోనే. ఐదు నుంచి పదిహేను సిస్టమ్‌లు, అందులో సగానికి పైగా ఏడెనిమిదేళ్ల నాటివి. వీటి గురించి ఆలోచించేవాళ్లు తక్కువ. అమ్మేవాళ్లు మాత్రం చాలామంది ఉన్నారు.

వాళ్ల చేతికి 2025 అక్టోబర్ 14 మంచి ఆయుధమైంది. ఆ రోజుతో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిదై ఉండాలి. ఎనిమిదో తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు వచ్చిందే 2017 చివర్లో. అంటే అంతకుముందు కొన్నవి దాదాపు అన్నీ అధికారికంగా బయటే. ‘మొత్తం మార్చాల్సిందే సార్’ అనే సలహా ఇక్కడి నుంచే పుట్టుకొస్తోంది.

నేను ఒప్పుకోను. ఇక్కడ ఉన్నవి రెండు వేర్వేరు సమస్యలు. ఒకటి నెమ్మది, రెండోది భద్రత. రెండింటినీ కలిపేసి ఒకే బిల్లు రాస్తే నష్టపోయేది కొనేవాళ్లే.

నెమ్మది సంగతి చూద్దాం. పొద్దున ఆన్ చేసిన సిస్టమ్ పనికి సిద్ధమయ్యేసరికి పది నిమిషాలు పడుతోందంటే తప్పు చాలాసార్లు ప్రాసెసర్‌ది కాదు, లోపలున్న పాత హార్డ్ డిస్క్‌ది. అందులో పళ్లెం తిరగాలి, దాని మీద ముల్లు కదలాలి, కావాల్సిన చోట ఆగి చదవాలి. ఒక్కో చిన్న ఫైలు ముక్కకు దాదాపు పది మిల్లీసెకన్లు పోతాయి. విండోస్ లేచేటప్పుడు అలాంటి ముక్కలు వేలల్లో చదవాలి. ఎస్ఎస్‌డీలో కదిలే భాగమే లేదు కాబట్టి అదే పని మిల్లీసెకనులో చిన్న వంతులో అయిపోతుంది. టాలీ, ఎక్సెల్, బ్రౌజర్ వాడే సిస్టమ్‌కు ఒక ఎస్ఎస్‌డీ బిగించి, ర్యామ్‌ను ఎనిమిది జీబీకి తెస్తే కూర్చునే మనిషికి కొత్త సిస్టమ్ వచ్చినట్టే ఉంటుంది. ఈ రెండూ మార్చడానికి తెలిసిన మెకానిక్‌కు పట్టేది గంటో రెండు గంటలో.

ర్యామ్ దగ్గర ఒక చిక్కు వచ్చిపడింది. 2025 చివరి నుంచి దాని ధర బాగా పెరిగింది. మెమరీ తయారుచేసే కంపెనీలు ఏఐ డేటా సెంటర్ల వైపు మళ్లాయి. మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మామూలు కొనుగోలుదారులకు ర్యామ్, ఎస్ఎస్‌డీలు అమ్మే వ్యాపారాన్నే వదిలేస్తున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. అమెరికాలో తీసుకున్న ఆ నిర్ణయం బరువు హనుమకొండ చౌరస్తాలో సిస్టమ్ కొనేవాడి జేబు మీద కూడా పడుతుంది. కాబట్టి మూలన పడేసిన సీపీయూలను తూకానికి ఇచ్చేయకండి. పదింటిలో రెండు పూర్తిగా పాడైతే వాటి ర్యామ్ తీసి మిగతావాటికి వేయించండి. డీడీఆర్3 ముక్క డీడీఆర్4 స్లాట్‌లో పట్టదు, అంతవరకు చూసుకుంటే చాలు.

ఇక భద్రత. మీ ప్రాసెసర్ నంబరు చూడండి. ఐ5-4570 అని ఉంటే నాలుగో తరం, ఐ5-8400 అయితే ఎనిమిదో తరం. ఎనిమిది ఆపైన ఉన్న సిస్టమ్‌లో కూడా ‘టీపీఎం లేదు’ అని కనిపించవచ్చు. చాలాసార్లు అది లేక కాదు, బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటుంది. ఆన్ చేస్తే సరిపోయే పనికి కొత్త సిస్టమ్ కొనడం అన్యాయం. నాలుగో, ఐదో తరం సిస్టమ్‌లకు దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. దానికి మైక్రోసాఫ్ట్ పూచీ లేదు, రేపు ఏ అప్‌డేట్‌కు ఆగిపోతుందో తెలియదు. డబ్బు చెల్లింపులు, జీఎస్టీ రిటర్నులు, డిజిటల్ సంతకం నడిచే సిస్టమ్ మీద ఆ ప్రయోగం చేయొద్దని గట్టిగా చెబుతాను.

డబ్బు కట్టి విండోస్ 10 అప్‌డేట్లు పొడిగించుకునే దారి ఉంది. ఆఫీసులకు ఒక్కో సిస్టమ్ మీద మొదటి ఏడాది 61 డాలర్లు, రెండో ఏడాది 122, మూడో ఏడాది 244. మూడేళ్లకు 427 డాలర్లు, అంటే 35 వేల రూపాయలకు పైనే. ఆ డబ్బు కొత్త సిస్టమ్ వైపు పెట్టుకోవడమే మేలు. ఒక్క ఏడాది ఊపిరి తీసుకోవడానికైతే అర్థముంది, మూడేళ్లకు లేదు.

డబ్బు కట్టక్కర్లేని ఇంకో దారి లినక్స్. ఆ పేరు చెప్పగానే మా పని దాని మీద నడవదంటారు. మన జిల్లా కోర్టులనే చూడండి. ఈ-కోర్ట్స్ ప్రాజెక్టు కింద సుప్రీంకోర్టు ఈ-కమిటీ దేశమంతటా న్యాయస్థానాలకు ఎంచుకున్నది ఉబుంటు లినక్స్‌ను. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి దాని మీదే నేర్చుకుంటున్నారు. తెలుగులో పనిచేసే లినక్స్‌ను హైదరాబాద్ కేంద్రంగా ‘స్వేచ్ఛ’ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం ఎప్పుడో తీసుకొచ్చింది. రిసెప్షన్‌లో, లైబ్రరీలో, కేవలం బ్రౌజర్ తెరిచి పనిచేసే ప్రతి కుర్చీ దగ్గర ఇది హాయిగా నడుస్తుంది. అన్ని చోట్లా నడవదనీ ఒప్పుకోవాలి. టాలీకి విండోస్ కావాలి. వేలిముద్ర పరికరాలు, డిజిటల్ సంతకం డాంగుల్‌లలో చాలావాటి తంటా అదే. మన డీటీపీ షాపుల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లు రాజ్యమేలుతున్నాయి. అడోబీ పేజ్‌మేకర్ కొత్త వెర్షన్ తెచ్చి ఇరవై ఏళ్లు దాటింది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, పుస్తకాలు అందులోనే కూర్చారు, వాటిని వదులుకోమని నేను అనను. ఆ పని ఒక్క సిస్టమ్‌లో ఉంచి, దాని ఇంటర్నెట్ తీగ పీకేయండి. కొత్త పనిని మాత్రం యూనికోడ్‌లో మొదలుపెట్టండి.

ఇవన్నీ మెకానిక్ చేయగల పనులు. అసలు లోటు లెక్కల పుస్తకంలో ఉంది. ఆదాయపు పన్ను లెక్కల్లో కంప్యూటరుకు ఏటా 40 శాతం తరుగుదల ఇస్తారు. లక్ష రూపాయల సిస్టమ్‌లు మూడేళ్లు తిరిగేసరికి పుస్తకంలో 21,600కు దిగుతాయి. ఆ తరుగు చూపి పన్ను తగ్గించుకునే ఆఫీసుల్లో ఎన్ని ఆ మేరకు డబ్బు పక్కన పెడుతున్నాయి? పెట్టవు. అందుకే ఎనిమిదో ఏట అన్నీ ఒకేసారి కూలబడతాయి, అప్పు చేసి అన్నీ ఒకేసారి కొంటారు, మళ్లీ ఎనిమిదేళ్లకు అదే కథ. పది సిస్టమ్‌లుంటే ఏటా రెండు మార్చండి. బరువు పని చేసే కుర్చీకి కొత్తది ఇచ్చి, అక్కడిది తేలిక పని ఉన్న కుర్చీకి జరపండి. కొత్తది కొనే స్తోమత లేకపోతే, పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలిన డెల్ ఆప్టిప్లెక్స్, లెనోవో థింక్‌సెంటర్ లాంటివి దొరుకుతాయి. వారంటీ రాసిచ్చే దుకాణంలో, ఎనిమిదో తరానికి తగ్గనిది తీసుకోండి. పేరూ ఊరూ లేని ఎస్ఎంపీఎస్ పెట్టిన అసెంబుల్డ్ డబ్బా కంటే అది ఎన్నో రెట్లు నయం.

ప్రభుత్వ కార్యాలయాల విషయంలో నాకు కోపం కూడా ఉంది. పథకం మొదలైన రోజు సిస్టమ్‌లు వస్తాయి. తర్వాత వాటి ముసలితనానికి ఏ పద్దూ ఉండదు. 2020 అక్టోబర్‌లో ధరణి పోర్టల్‌తో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దారు కార్యాలయాలకు వచ్చింది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారినా, దాన్ని తెరవాల్సిన సిస్టమ్ మొరాయిస్తే రైతు బయట బెంచీ మీద కూర్చోవాల్సిందే. ఆ రైతు పోగొట్టుకున్న ఒక రోజు కూలి ఏ బడ్జెట్‌లోనూ కనిపించదు. కొత్త సిస్టమ్‌లు ఎవరికి ముందివ్వాలో తేల్చేటప్పుడు అధికారి గదిని కాకుండా, జనం నిలబడే కౌంటర్‌ను ముందు చూడాలని జిల్లా అధికారులను అడుగుతున్నాను.

ఇంకొక ఖర్చు ఉంది, దాన్ని అందరూ చివరికి నెడతారు. 2025 అక్టోబర్ 29న మొంథా తుపాను వానకు మన నగరంలో ఎన్నో కాలనీలు నీట మునిగాయి. 2020 ఆగస్టులోనూ మునిగాయి, 2023 జులైలోనూ మునిగాయి. గ్రౌండ్ ఫ్లోర్ ఆఫీసులో బల్ల కింద నేల మీద పెట్టిన సీపీయూకే నీళ్లు ముందు తగులుతాయి. దాన్ని రెండడుగులు పైకి ఎత్తించండి. రోజూ సాయంత్రం డేటాను బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, దాన్ని వేరే భవనంలో ఉంచండి. అదే బల్ల సొరుగులో ఉన్న పెన్‌డ్రైవ్ కూడా సీపీయూతో పాటే మునుగుతుంది. బడ్జెట్ ఎంత చిన్నదైనా మొదటి రూపాయి దీనికే పోవాలి. సిస్టమ్ పోతే ఇంకోటి కొంటాం. పదేళ్ల ఖాతాలు పోతే కొనడానికి ఏ దుకాణమూ లేదు.

చివరకు నిజంగా పనికిరానివి మిగులుతాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని రిజిస్టరైన రీసైక్లర్లకు చేర్చాలి. తూకానికి కొనే బండికి ఇస్తే రాగి తీగ కోసం బహిరంగంగా కాలుస్తారు, ఆ పొగ పీల్చేది మన పిల్లలే. రీసైక్లర్‌కు ఇచ్చే ముందు హార్డ్ డిస్క్ విడిగా తీయించండి. డిలీట్ చేసినా, మామూలుగా ఫార్మాట్ కొట్టినా లోపలి ఫైళ్లు తిరిగి తీయొచ్చు. వకీలు దగ్గర కక్షిదారుల పత్రాలు, డయాగ్నస్టిక్ సెంటర్లో రోగుల రిపోర్టులు, ఆడిటర్ దగ్గర పాన్, ఆధార్ కాపీలు అందులోనే ఉంటాయి. ఆ డిస్క్‌ను పూర్తిగా చెరిపించి పంపండి. చెరిపించే వీలు లేకపోతే మీ ఎదుటే డ్రిల్లుతో రంధ్రాలు వేయించండి.