ఓపీ గదిలో అడగని ప్రశ్న

గర్భిణుల ఓపీలో బరువు చూస్తారు, బీపీ చూస్తారు, రక్తం శాతం కార్డులో రాస్తారు. జబ్బ మీద కమిలిన మచ్చ కనిపిస్తే ‘ఏమైందమ్మా?’ అంటారు. ‘బాత్‌రూంలో జారిపడ్డానండీ’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. పక్కనే భర్తో, అత్తగారో నిలబడి ఉంటే ఇంకేం చెబుతుంది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయిన 18-49 ఏళ్ల స్త్రీలలో భర్త చేతిలో హింసకు గురైనవారు దేశం మొత్తం మీద 29 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 30, తెలంగాణలో దాదాపు 37. దేశంలో హింసకు గురైన స్త్రీలలో సాయం కోరినవారు మాత్రం 14 శాతమే, అదీ ఎక్కువగా పుట్టింటివాళ్లను. పోలీసు స్టేషన్ గడప తొక్కని ఇల్లాలు కూడా గర్భిణిగా ఉన్నప్పుడు పరీక్షల కోసం ఆస్పత్రికి పదేపదే వస్తుంది. అడగడానికి అంతకన్నా అనువైన చోటు లేదు.

అందరినీ అడగాలా వద్దా అన్నది వైద్యరంగంలో పాత చర్చే. అమెరికాలో ప్రభుత్వం నియమించిన నివారణ వైద్య నిపుణుల బృందం పిల్లలు కనే వయసు స్త్రీలందరినీ అడగమంటోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో అందుకు ఒప్పుకోలేదు. అనుమానించదగ్గ లక్షణాలుంటే అడగండి, గర్భిణుల విషయంలో ప్రత్యేకంగా చూడండి, కానీ ఏకాంతం, శిక్షణ పొందిన సిబ్బంది, తర్వాత పంపడానికొక చోటు ఉంటేనే అని షరతు పెట్టింది. ఆ షరతు సబబే. విని ఊరుకునేటట్లయితే హింసకు గురైన స్త్రీ చేత చెప్పించడం అన్యాయం. ఆ మాట భర్త చెవిన పడితే ప్రమాదం.

అలాంటి ఏర్పాటు మన దేశంలోనే ఉంది. ముంబై బాంద్రాలోని భాభా ఆస్పత్రిలో 2000-01లో ‘దిలాసా’ మొదలైంది. హింసకు గురైన స్త్రీల కోసం నగరపాలక సంస్థ, ‘సెహత్’ స్వచ్ఛంద సంస్థ కలిసి పెట్టిన కేంద్రమది. నర్సులకు, డాక్టర్లకు శిక్షణ ఇచ్చారు. కౌన్సెలర్‌కు ఆస్పత్రిలోనే గది ఇచ్చారు. ఇంటికెళితే ప్రాణభయం అనుకున్న స్త్రీని పరిశీలన పేరిట ఆ రాత్రికి వార్డులోనే ఉంచే వీలు కల్పించారు. కేరళ ‘భూమిక’ పేరుతో ఇలాంటి కేంద్రాలనే జిల్లా ఆస్పత్రుల్లో తెచ్చింది.

చట్టమూ అడ్డు రాదు. గృహహింస ఫిర్యాదు లేదన్న సాకుతో వైద్యం నిరాకరించకూడదనీ, ఆస్పత్రే నివేదిక నింపి రక్షణాధికారికి పంపాలనీ గృహహింస చట్టం కింద వచ్చిన 2006 నిబంధనలు చెబుతున్నాయి. మన రెండు రాష్ట్రాల్లో హింసకు గురైన స్త్రీలకు సాయం చేసే సఖి కేంద్రాలున్నాయి, 181 హెల్ప్‌లైన్ నంబరుంది. వాటికీ ఓపీ గదికీ మధ్య దారి వేయాలి.

అది చిన్న పనులతోనే మొదలవుతుంది. బరువు చూసేటప్పుడు తోడొచ్చినవారందరినీ బయట కూర్చోబెట్టడం ఆస్పత్రి పద్ధతి కావాలి, అప్పుడు ఎవరికీ అనుమానం రాదు. నర్సమ్మ నెమ్మదిగా ‘ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నారా?’ అని అడగాలి. గర్భిణి చెప్పింది ఆస్పత్రి రికార్డులోనే ఉండాలి. ఇంటికి తీసుకెళ్లే కార్డు మీద ఒక్క అక్షరం కూడా రాయకూడదు.