శివారుకి నీరందకపోతే...

ఆ మధ్య నరసాపురంలో మా అత్తయ్య వాళ్లింటికి వెళ్లాను. నలభై ఏళ్లుగా లేసు అల్లిన చెయ్యి ఆమెది. కబుర్లు చెబుతూ, అల్లిక వైపు చూడకుండానే పువ్వులు తీర్చేసేది. అలాంటిది ఒడిలో దారపు ఉండ పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. 'తర్వాత ఏం వెయ్యాలో తోచట్లేదురా' అంది. 'మీ అత్తకి బద్ధకం పెరిగిందిరా! పిలిస్తే పలకడానికే పావుగంట. నడక చూడు, కాళ్లీడ్చుకుంటూ...' అని మావయ్య విసుక్కున్నాడు.

భీమవరం తీసుకెళ్లి ఎమ్మారై తీయిస్తే తేలింది, అది బద్ధకం కాదని. మెదడు లోపల తెల్లటి మచ్చలున్నాయి. రెండేళ్లుగా బీపీ మాత్రలు మానేసిందట. 'బానే ఉన్నాను కదా, ఇంకెందుకని!'

మెదడు పైపొర బూడిదరంగులో ఉంటుంది. ఆలోచించే నాడీకణాలు ఎక్కువగా అక్కడే. దాని కింద ఉండేది వైట్ మ్యాటర్. ఒక భాగం కబురు ఇంకో భాగానికి చేరవేసే తీగలన్నీ అందులోనే ఉంటాయి. యుక్తవయసులో వాటన్నిటినీ వరసగా కలిపితే సుమారు లక్షన్నర కిలోమీటర్లు! కరెంటు తీగకు తొడుగు ఉన్నట్టే వీటికీ మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. కబురు వేగంగా వెళ్లేది దానివల్లే.

మరి వీటికి రక్తం ఎలా అందుతుంది? ఆ సంగతి నరసాపురం రైతుకి వేరే చెప్పక్కర్లేదు. ధవళేశ్వరంలో వదిలిన నీరు ఊళ్లన్నీ దాటుకుని ఇక్కడికి రావాలి. కాలవలో పూడిక పేరుకున్నా, గుర్రపుడెక్క అడ్డుపడినా దాళ్వాలో ముందు ఎండేది శివారు చేలే. లోతున ఉన్న వైట్ మ్యాటర్ కూడా మెదడుకు శివారు ఆయకట్టే. సన్నటి, పొడవాటి రక్తనాళాలు పైనుంచి అక్కడికి దిగుతాయి. ఒకటి మూసుకుపోతే పక్కదాన్నుంచి రక్తం వచ్చే దారులు తక్కువ. ఏళ్ల తరబడి బీపీ, షుగరు, చుట్ట, సిగరెట్టు వాటి గోడల్ని మందంగా, బిరుసుగా మార్చేస్తాయి. రక్తం తగ్గితే మైలిన్‌ను తయారుచేసే కణాలు తట్టుకోలేవు. తొడుగు చెడుతుంది. కబురు ఆలస్యమవుతుంది. ఒక్కోసారి చేరనే చేరదు.

అందుకే ఇందులో ముందు తగ్గేది జ్ఞాపకం కన్నా వేగం. పాత సంగతులు, మనుషుల పేర్లు గుర్తుంటాయి. కానీ ఒక పని తర్వాత ఇంకో పని వరసపెట్టుకోలేరు. అడుగులు చిన్నవవుతాయి. మూత్రం ఆపుకోవడం కష్టమవుతుంది. దేనిమీదా ఆసక్తి ఉండదు. ఇంట్లోవాళ్లకి ఇదంతా మొండితనంలా కనిపిస్తుంది!

1894లోనే స్విట్జర్లాండ్‌కు చెందిన వైద్యుడు ఒట్టో బిన్స్‌వాంగర్ ఇలాంటి జబ్బును వర్ణించారు. ఇది ఎక్కడో ఉన్నవాళ్ల గోల అనుకోవద్దు. 2003-04లో ఉభయగోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో మరణాలకు కారణాలు ఆరా తీస్తే, 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. అందులో పక్షవాతం వాటా పెద్దదే. ఆ పక్షవాతాన్ని తెచ్చే బీపీయే అంతకుముందు చప్పుడు చేయకుండా ఈ తీగల్నీ తినేస్తుంది.

అరవై దాటాక స్కానింగులో ఒకటీ అరా మచ్చలు చాలామందికి ఉంటాయి, బెంబేలెత్తక్కర్లేదు. పాడైన భాగం పూర్తిగా బాగవడం కష్టమే కానీ, మిగిలింది కాపాడుకోవచ్చు. అమెరికాలో జరిగిన ఓ పెద్ద అధ్యయనం ఫలితాలు 2019లో వచ్చాయి. పై బీపీని 120 లోపు ఉంచాలని చూసినవారిలో, 140 లోపు చాలనుకున్నవారికన్నా ఈ మచ్చలు తక్కువగా పెరిగాయి. అయితే ఎవరికి ఎంత ఉండాలన్నది డాక్టరే చెప్పాలి. బీపీ మరీ తగ్గితే పెద్దవాళ్లు కళ్లు తిరిగి పడిపోతారు. మాత్రలు సొంతంగా మానకపోవడం, ఊరగాయలు, ఎండుచేపల ఉప్పు తగ్గించడం, రోజూ నడవడం... ఇవి మన చేతిలో ఉన్నవి. ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా మాత్రం ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

మొన్న సంక్రాంతికి మళ్లీ వెళ్లాను. బీపీ మాత్రలు ఇప్పుడు అత్తయ్య లేసు బుట్టలోనే ఉంటున్నాయి. మావయ్య ఏదైనా అడిగి, ఆమె జవాబు చెప్పేదాకా ఓపిగ్గా ఆగుతున్నాడు. జవాబు ఆలస్యంగానే వస్తోంది. కానీ వస్తోంది.